గండిమడుగు వీపుకాపు

అనగనగా ఒక అడవిలో, వాగులన్నీ ఎండిపోయిన ఒక వేసవిలో, ఒకే ఒక్క మడుగు మిగిలింది. దాని పేరు గండిమడుగు. రెండు కొండల మధ్య సందులో, పెద్ద బండల నీడన ఉంటుంది కాబట్టి ఎంత ఎండ కాసినా అందులో కాసిని నీళ్ళు నిలిచేవి. మొదటి వాన పడేదాకా చుట్టుపక్కల అన్ని జంతువులకీ అవే నీళ్ళు.

ముందే చెబుతున్నాను, ఈ కథలో సింహం లేదు, నక్క కూడా లేదు. కథ అనగానే మీకు ఆ రెండూ కావాలి. అవి కావాలంటే ఇంకెవరినైనా అడగండి. నా కథలో మూడు మందలున్నాయి.

మొదటిది అడవిదున్నల మంద. నల్లటి ఒళ్ళు, కాళ్ళకి మాత్రం తెల్లటి మేజోళ్ళు తొడిగినట్టుంటుంది. వాటి పెద్ద పేరు గుట్టయ్య. నడిచొస్తుంటే నిజంగానే చిన్న గుట్ట కదిలినట్టుండేది. రెండోది అడవిపందుల మంద. వాటి పెద్ద కోరయ్య. కోపం ముక్కు మీదే ఉంటుంది గానీ మనసులో ఏదీ దాచుకోడు. మూడోది చుక్కల జింకల మంద. జింకలకి బలం లేదు, కోరల్లేవు. ఉన్నదల్లా మంచి ముక్కు, మంచి చెవులు. ఆ మందలో చుక్కమ్మ అని ఒక తల్లి జింక ఉండేది. ఆ వేసవిలోనే దానికి మొదటి పిల్ల పుట్టింది. దాని పేరు చినచుక్క. ఇంకా పాలు తప్ప ఏమీ తెలియదు. అందుకని చుక్కమ్మ దాన్ని ఎండుగడ్డి పొదలో దాచిపెట్టి, నీళ్ళు తాగి, పరుగు పరుగున వెనక్కి వచ్చేది.

ఇప్పుడు ఒక మాట వినండి. నీళ్ళు తాగేవాడికి కళ్ళుండీ లేనట్టే. తల కిందికి వంచాలి, మూతి నీళ్ళలో పెట్టాలి. వెనక నుంచి ఎవరొచ్చినా తెలియదు. మీరు కుళాయి కింద నోరు పెట్టి తాగుతుంటే మీ అన్న వెనక నుంచి వచ్చి వీపు మీద చరుస్తాడే, అలాగన్నమాట. కాకపోతే ఆ అడవిలో వెనక నుంచి వచ్చేది అన్న కాదు, రేచుకుక్కలు. అవి ఎర్రగా ఉండే అడవికుక్కలు. మొరగవు. ఈల వేసి ఒకదాన్నొకటి పిలుచుకుంటాయి. గుంపుగా వస్తాయి, ఒంటరిగా దొరికినదాన్ని పట్టుకుపోతాయి.

అందుకని ఆ మూడు మందలకీ పూర్వం నుంచీ ఒక పద్ధతి ఉండేది. ఒక మంద నీళ్ళు తాగుతుంటే మిగిలిన రెండు మందలు వాళ్ళకి వీపు పెట్టి, అడవి వైపు చూస్తూ నిలబడాలి. తర్వాత వంతు మారుతుంది. ముందొచ్చిన మంద ముందు తాగుతుంది. ఎవరు పెద్ద, ఎవరు చిన్న అన్న లెక్కే లేదు. దీన్ని వాళ్ళు వీపుకాపు అనేవాళ్ళు. దున్నలు దారి వైపు చూసేవి. పందులు ముళ్ళపొదల వైపు చూసేవి. జింకలు గాలి ఎటు నుంచి వస్తే అటు ముక్కు పెట్టేవి. రేచుకుక్కలు ప్రతి వేసవిలోనూ కొండ మీదికి వచ్చి, కిందికి చూసి, ఎటు చూసినా కళ్ళే కనబడి, ఉసూరుమని వెళ్ళిపోయేవి.

వీపుకాపు చెప్పినంత సులువు కాదు. మీ వీపు వెనక వాడి కొమ్ములుంటాయి, వాడి కోరలుంటాయి. అయినా మీరు తల తిప్పకూడదు. నమ్మాలి.

ఒక సాయంత్రం పందులు తాగుతున్నాయి. దున్నలూ జింకలూ కాపు నిలబడ్డాయి. చుక్కమ్మ గాలి వైపు ముక్కు పెట్టి నిలబడింది. అప్పుడు వెనక నుంచి ఒక చప్పుడు వినిపించింది. కర్ కర్, కర్ కర్.

చుక్కమ్మకి పొదలో ఉన్న పిల్ల గుర్తొచ్చింది. తల తిప్పకూడదని తెలుసు. అయినా తిప్పింది. కోరయ్య నీళ్ళ ఒడ్డున నిలబడి పైకోరకీ కిందికోరకీ రాపిడి పెట్టి నూరుకుంటున్నాడు. వాడి కళ్ళు సరిగ్గా జింకల వైపే ఉన్నాయి.

ఆ మాట ఆమె వెంటనే మందతో చెప్పింది. "కోరయ్య కోరలు నూరుతున్నాడు. మన వైపే చూస్తూ నూరుతున్నాడు."

"ఎందుకంటావ్?" అంది ఒక ముసలి జింక.

"ఎందుకు నూరతారు? ఈ ఏడు వాళ్ళ మంద రెట్టింపయింది. నీళ్ళేమో తగ్గాయి," అంది చుక్కమ్మ.

కోరయ్యని అడుగుదామని ఒక్కరికీ తోచలేదు. మరునాటి నుంచి జింకలు ఒక కన్ను అడవి మీద, ఒక కన్ను పందుల మీద పెట్టడం మొదలుపెట్టాయి. జింకకి కళ్ళు రెండు పక్కలా ఉంటాయి కదా, ఎవరికీ తెలియదనుకున్నాయి. కానీ పందులకి తెలిసిపోయింది. తాగుతున్నవాడి వీపు మీద ఎవరి చూపు పడినా వాడికి తెలుస్తుంది.

"అదేంటి, ఆ జింకలు మనల్ని చూస్తున్నాయి?" అన్నాడు కోరయ్య. "మనమేం దొంగలమా?" వాడికి రోషం వచ్చింది. ఆ పూట నుంచి తన కాపు వంతు వచ్చినప్పుడు వాడు కూడా ముళ్ళపొదల వైపు చూడటం మానేసి, జింకల్ని చూస్తూ నిలబడ్డాడు. కోపంలో ఇంకాస్త గట్టిగా కోరలు నూరాడు.

ఇక చుక్కమ్మకి అనుమానమే లేదు. యుద్ధం వస్తోందని నిశ్చయించుకుంది. నాలుగైదు పెద్ద జింకల్ని వెంటబెట్టుకుని గుట్టయ్య దగ్గరికి వెళ్ళింది.

"గుట్టయ్య మావా, పందులు మా మీదికి రాబోతున్నాయి. మాకు నువ్వు తప్ప దిక్కు లేదు. నీ బలం మాకు అడ్డుపెట్టు," అంది.

గుట్టయ్య మంచివాడే. కానీ పొగిడితే కరిగిపోతాడు. ఛాతీ పొంగిపోయింది. ముక్కులోంచి పెద్దగా గాలి వదిలాడు.

"నేనుండగా మీ మీద ఈగ కూడా వాలదమ్మాయ్," అన్నాడు. "కానీ ఒక మాట. కాపాడేవాడిని నేనైనప్పుడు మడుగు దగ్గర మాట కూడా నాదే అవ్వాలి. ఇక నుంచి ముందు మా మంద తాగుతుంది. తర్వాత మీరు. పందులు ఆఖరున. ఎవరెప్పుడు రావాలో నేను చెబుతాను."

జింకలు ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి. వంతు పోతుంది. పాత పద్ధతి పోతుంది. కానీ ఆ కొమ్ములు మన పక్షాన ఉంటాయి, అనుకున్నాయి.

"అలాగే మావా," అంది చుక్కమ్మ.

అంత తేలిగ్గా, నోటి మాటతో, ఎన్నో తరాల పద్ధతి పోయింది. పోయేటప్పుడు చప్పుడు కూడా కాలేదు.

ఆ రోజు కోరయ్య మందతో వచ్చి చూస్తే జింకల ముందు దున్నలు వరసగా నిలబడి ఉన్నాయి. కొమ్ములన్నీ పందుల వైపే.

"ఏంటి పెద్దాయనా ఇది?" అన్నాడు కోరయ్య.

"ఇక నుంచి మీ వంతు ఆఖరున," అన్నాడు గుట్టయ్య.

"ఎవరు చెప్పారు?"

"నేను చెప్పాను."

కోరయ్య మొహం ఎర్రబడింది. మందతో వెనక్కి వెళ్ళాడు. కొండ అవతల ఒంటరిగా తిరిగే మగపందులుంటాయి, పెద్ద పెద్ద కోరలవి. వాటన్నిటికీ కబురు పెట్టాడు. "దున్నలూ జింకలూ ఒకటయ్యాయి. రండి," అన్నాడు. అవి వచ్చాయి. వాటిని చూసి గుట్టయ్య పక్క లోయలోని తన చుట్టాలైన దున్నల్ని పిలిచాడు. అవీ వచ్చాయి. వాటిని చూసి కోరయ్య ఇంకొన్ని పందుల్ని పిలిచాడు. ఇంతమంది తాగేసరికి మడుగు ఇంకా తొందరగా తగ్గిపోవడం మొదలుపెట్టింది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

ఇప్పుడు గండిమడుగు ఎలా ఉందో మీరే ఊహించుకోండి. చుట్టూ గుండ్రంగా దున్నలు, జింకలు, పందులు. అందరి మొహాలూ లోపలికే. ఒకరినొకరు కన్నార్పకుండా చూసుకుంటున్నారు. ఒక్కడైనా అడవి వైపు చూడటం లేదు. పైగా అందరికీ మహా ధీమా.

"మా అంత భద్రంగా ఇంకెవరూ లేరు," అనుకున్నాయి జింకలు.

"మనల్ని చూసి ఎలా హడలిపోతున్నారో చూశారా!" అనుకున్నాయి పందులు.

"అంతా నా వల్లే," అనుకున్నాడు గుట్టయ్య.

కొండ మీద రేచుకుక్కల పెద్ద కూర్చుని ఉంది. దాని పేరు ఈలప్ప. పక్కన ఒక కుర్రకుక్క గిలగిల్లాడుతోంది.

"తాతా, కింద ఎంత సైన్యం చేరిందో చూడు! ఈ ఏడు మనం ఆకలితో చావాల్సిందే," అంది కుర్రకుక్క.

ఈలప్ప తాపీగా పెదాలు నాక్కుంది.

"సైన్యాన్ని కాదురా, మొహాల్ని చూడు. పోయిన వేసవిలో మొహాలన్నీ మన వైపు ఉండేవి, వీపులు వాళ్ళలో వాళ్ళకి. ఇప్పుడు వీపులన్నీ మన వైపే ఉన్నాయి. మనం ఏ కష్టమూ పడక్కర్లేదు. వాళ్ళనలాగే చూసుకోనివ్వు."

అదే సాయంత్రం రేచుకుక్కలు ముళ్ళపొదల్లోంచి వచ్చాయి. అటు చూడాల్సింది పందులు. పందులు దున్నల్ని చూస్తున్నాయి. కుక్కలు గుంపు చివర నిలబడ్డ ఒక పందిపిల్లని నోట కరుచుకుని వెళ్ళిపోయాయి.

పందులు గొల్లుమన్నాయి. "జింకలకి ముందే వాసన వచ్చుంటుంది. కావాలనే చెప్పలేదు!" అన్నాడు కోరయ్య. మరికాస్త దగ్గరగా జరిగి జింకల్ని మరికాస్త గుర్రుగా చూశాడు.

రెండోసారి అవి గాలి వాలు చూసుకుని జింకల వెనక నుంచి వచ్చాయి. చుక్కమ్మ పక్కనే నిలబడ్డ దాని చెల్లెల్ని తీసుకుపోయాయి. చుక్కమ్మ అరిచే లోపే అయిపోయింది. జింకలు ఏడ్చాయి. "పందులే కుక్కలకి దారి చూపించాయి!" అన్నాయి. అవీ దగ్గరగా జరిగాయి.

మూడోసారి దారి వెంట వచ్చాయి. సూటిగా, బాహాటంగా, దున్నలు చూడాల్సిన దారినే వచ్చాయి. గుట్టయ్య మనవడు, చిన్న దూడ, వెనక నిలబడి ఉన్నాడు. కుక్కలు వాడి తోక పట్టుకున్నాయి. దూడ అంబా అని అరిచింది. గుట్టయ్య విన్నాడు. కానీ రెండు పక్కలా దున్నలు ఒత్తుకుని ఉన్నాయి, ముందు పందుల కోరలున్నాయి. అంత ఒళ్ళు పెట్టుకుని వెనక్కి తిరగడానికి అతనికి చాలాసేపు పట్టింది. తిరిగేసరికి కుక్కలు లేవు. దూడ ఉంది. తోక లేదు.

గుట్టయ్యకి సిగ్గేసింది. సిగ్గు వేసినప్పుడు పెద్దవాళ్ళు కూడా మనలాగే చేస్తారు, ఎవరి మీదో అరుస్తారు.

"ఇదంతా పందుల వల్లే!" అని రంకె వేశాడు. "వాటిని చూస్తూ ఉండబట్టే నేను వెనక్కి చూడలేకపోయాను. రేపు సాయంత్రం పందుల్ని ఈ మడుగు నుంచి తరిమేద్దాం. ఒక్కటి మిగలకూడదు. వాళ్ళు పోతే ఈ గొడవే ఉండదు."

దున్నలన్నీ తలలూపాయి. జింకలు కూడా ఊపాయి. చుక్కమ్మ మాత్రం ఊపలేదు. చెల్లెలు పోయినప్పటి నుంచి ఆమె మడుగుకి సరిగ్గా వెళ్ళడం లేదు. వెళ్ళినా భయంతో రెండు గుక్కలు మింగి వచ్చేస్తోంది. మర్నాడు తెల్లవారాక చినచుక్క పొదుగులో మూతి పెట్టి లాగింది, లాగింది, తర్వాత తలెత్తి తల్లి మొహంలోకి చూసింది. పాలు రావడం లేదు.

ఆ చూపుకి చుక్కమ్మ గుండె తరుక్కుపోయింది. "సాయంత్రం యుద్ధమైతే గెలిచినా ఓడినా నాకు నీళ్ళు దొరకవు. నీళ్ళు దొరక్కపోతే నా బిడ్డ బతకదు," అనుకుంది. అనుకుని, ఎవరికీ చెప్పకుండా, తిన్నగా పందుల దగ్గరికి నడిచి వెళ్ళింది.

పందులు ఆమెని చుట్టుముట్టాయి. చుక్కమ్మ ఆగలేదు.

"కోరయ్యన్నా, ఒక్క మాట అడగడానికి వచ్చాను. ఆ రోజు నువ్వు మమ్మల్ని చూస్తూ కోరలెందుకు నూరావు?"

కోరయ్య మూతి పైకెత్తి కోరలు చూపించాడు.

"కోరలా? ఇవి రోజూ పెరుగుతాయి చెల్లెమ్మా. నూరకపోతే వంకర తిరిగి నా మూతికే గుచ్చుకుంటాయి. మా నాన్న నూరాడు, మా తాత నూరాడు. మీకు వీపు పెట్టి ఇన్నాళ్ళు నిలబడ్డాం, ఇప్పుడా వినిపించింది?"

"మా వైపు చూస్తూ నూరావు కదా?"

"నీళ్ళకి ఇటు నిలబడితే ఎదురుగా మీరే ఉంటారు. నేనెటు చూడను, ఆకాశంలోకా?"

చుక్కమ్మకి ఏడుపొచ్చింది. ఇంత చిన్న సంగతి. ఆ రోజే అడిగి ఉంటే కోరయ్య ఆ రోజే ఇదే మాట చెప్పేవాడు. చెల్లెలు బతికి ఉండేది.

"మరి కొండ అవతల పందుల్నెందుకు పిలిచావు?" అంది చివరికి.

"మీరు దున్నల్ని తెచ్చుకున్నారు కదా!" అన్నాడు కోరయ్య. అని, గొంతు తగ్గించాడు. "ఇవాళ మమ్మల్ని తరిమేస్తారని మాకు తెలిసింది. మేమెందుకు ఊరుకుంటాం? దున్నలు అడుగు కదిపే లోపే మేం వాటి కాళ్ళ నరాలు చీరేస్తాం. నువ్వు మాత్రం దూరంగా ఉండు, పాలిచ్చే తల్లివి."

"ఒకవేళ అందరం మళ్ళీ అడవి వైపు తిరిగితే?"

"ముందు ఎవరు తిరుగుతారు?" అన్నాడు కోరయ్య. "నేను తిరిగితే నా వీపులో గుట్టయ్య కొమ్ము దిగుతుంది. నేను తిరగను."

చుక్కమ్మ అక్కణ్ణుంచి గుట్టయ్య దగ్గరికి వెళ్ళింది. కోరల సంగతంతా చెప్పింది. "తప్పు నాదే మావా. నేనే భయపడ్డాను, నేనే నిన్ను పిలిచాను. ఇప్పుడు నేనే చెబుతున్నాను. నువ్వు అడవి వైపు తిరుగు."

"ఏంటీ!" గుట్టయ్య కళ్ళు ఉరిమాడు. "ఈ అడవిలో అందరికన్నా బలమున్నవాణ్ణి నేను. నేను పోయి పందులకి వీపు పెట్టాలా? ముందు వాళ్ళని తిరగమను!"

"బలముంది కాబట్టే ముందు నువ్వు తిరగాలి మావా. నేను తిరిగితే భయపడిందంటారు. కోరయ్య తిరిగితే ఏదో ఎత్తు వేశాడంటారు. నువ్వు తిరిగితే మాత్రం అది మాట ఇచ్చినట్టే."

"కుదరదు," అన్నాడు గుట్టయ్య. చెవులు ఆడించి అటు తిరిగిపోయాడు.

సాయంత్రమైంది. ఒక ఒడ్డున దున్నలు, ఒక ఒడ్డున పందులు. దున్నలు గిట్టలతో నేల తవ్వుతున్నాయి. దుమ్ము లేస్తోంది. కర్ కర్ అని కోరల చప్పుడు. ఈసారి మాత్రం నిజంగానే నూరుతున్నాయి. మధ్యలో మడుగు, అడుగంటిన కాసిని నీళ్ళు. జింకలు దూరంగా ఒక మూల ముడుచుకున్నాయి.

అప్పుడు ఆ మూలలోంచి చుక్కమ్మ బయటికి వచ్చింది.

మెల్లగా నడిచింది. దున్నలకీ పందులకీ మధ్యకి వచ్చింది. నీళ్ళ దగ్గర ఆగి అందరికీ వినబడేలా చెప్పింది.

"నాకు దాహంగా ఉంది. నా బిడ్డకి పాలు లేవు. ఇప్పుడు జింకల వంతు. నేను తాగుతున్నాను. కాపు నిలబడేవాళ్ళు నిలబడండి."

అని, తల వంచి, మూతి నీళ్ళలో పెట్టేసింది.

అంతే. ఇక ఆమెకి ఏమీ కనబడదు. ముందు కొమ్ములున్నాయి, వెనక కోరలున్నాయి, వాటి చుట్టూ ఎండుగడ్డి ఉంది. ఆ సన్నటి మెడ అందరి ముందూ వంగి ఉంది. గుక్క గుక్కకీ గొంతు కదులుతోంది. ఇంకే చప్పుడూ లేదు.

గుట్టయ్య ఆ మెడ వైపు చూశాడు. మీద ఈగ వాలనివ్వనని మాట ఇచ్చింది ఈ మెడకే. అతనికి తన తండ్రి గుర్తొచ్చాడు. ఒకరు తల వంచి తాగుతుంటే నువ్వు అడవి వైపు చూడాలిరా అని దూడగా ఉన్నప్పుడు నేర్పించినవాడు. తండ్రి ఎవరికీ భయపడి వీపు పెట్టలేదు. ఆయన ముందు పులి కూడా నిలిచేది కాదు. అయినా ప్రతి సాయంత్రం వీపు పెట్టి నిలబడ్డాడు.

గుట్టయ్య ఒక కాలు తీసి పక్కకి వేశాడు. తర్వాత ఇంకో కాలు. ఆ పెద్ద ఒళ్ళు మెల్లగా, చాలా మెల్లగా, తిరగడం మొదలుపెట్టింది. దున్నలన్నీ నోళ్ళు వెళ్ళబెట్టి చూశాయి. గుట్టయ్య పూర్తిగా తిరిగిపోయాడు. ఆ నల్లటి వీపు, వెనక కాళ్ళ నరాలు, అన్నీ సరిగ్గా కోరయ్య ఎదురుగా ఉన్నాయి.

"అయ్యా, ఇదే అదను! కొట్టెయ్!" అంది ఒక మగపంది.

కోరయ్య ఆ కాళ్ళ వైపు చూశాడు. ఒక్క దూకు చాలు. అడవిలో అందరికన్నా పెద్దవాణ్ణి కూలదోసిన పేరు వస్తుంది. ఆ తర్వాత మడుగంతా తనదే. మళ్ళీ చుక్కమ్మ మెడ వైపు చూశాడు.

"నోర్మూసుకో," అన్నాడు ఆ మగపందితో. "ఆ పెద్దాయన నన్ను నమ్మి నిలబడ్డాడు." అని, తను కూడా గిరుక్కున ముళ్ళపొదల వైపు తిరిగాడు.

సరిగ్గా అప్పుడే అడవి వైపు చూస్తున్న గుట్టయ్యకి ఎండుగడ్డిలో ఏదో ఎర్రగా కనబడింది. ఒకటి కాదు. గడ్డంతా ఎర్రగా ఉంది. రేచుకుక్కలు ఎప్పటి నుంచో అక్కడే పొట్టలు నేలకానించి పడుకుని ఉన్నాయి. యుద్ధమయ్యాక గాయపడ్డవన్నీ తమవేనని ఈలప్ప వాటికి విందు కబురు చెప్పి తీసుకొచ్చింది. ఇంకొక్క నిమిషం ఆలస్యమైతే ఎవరు గెలిచినా భోజనం మాత్రం వాటిదే.

"అదిగో! గడ్డిలో కుక్కలు!" అని గుట్టయ్య రంకె వేశాడు. కొండలు మారుమోగాయి.

"పొదల్లో కూడా ఉన్నాయి!" అని కోరయ్య అరిచాడు.

జింకలు మూలలోంచి ఎగిరి దూకి గాలి వైపు ముక్కులెత్తాయి. "బండల వెనక! బండల వెనక మూడున్నాయి!"

ఇక చూడాలి! గుట్టయ్య కొమ్ములు వంచి గడ్డిలోకి దూకాడు. నేల అదిరింది. కోరయ్య బాగా నూరిన కోరలతో పొదల్లో పడ్డాడు. కొండ అవతల నుంచి యుద్ధానికి వచ్చిన మగపందులూ, పక్క లోయ నుంచి వచ్చిన దున్నలూ, ఎలాగూ వచ్చాం కదా అని కలిసి పరుగెత్తాయి. జింకలు ఎక్కడ కుక్క దాక్కుంటే అక్కడ చూపించాయి. తోక పోయిన దూడ కూడా ఒక కుక్కని తన్నింది. బతికితే చాలనుకుని కుక్కలు తోకలు ముడిచాయి. అందరికన్నా ముందు పారిపోయింది ఈలప్ప. దాని ఈల కొండ దాటేదాకా వినిపించింది, తర్వాత వినబడలేదు.

ఇంత గొడవలో చుక్కమ్మ ఒక్కసారి కూడా తలెత్తలేదు. కడుపు నిండా తాగింది. తాగి, మూతి తుడుచుకుని, పొద వైపు నడిచింది. ఆ పూట చినచుక్క పొదుగులో మూతి పెట్టింది, చాలాసేపు తీయలేదు.

మరునాడు మూడు మందల పెద్దలూ మడుగు దగ్గర కూర్చున్నారు. గుట్టయ్యే ముందు మాట్లాడాడు. "మడుగు మీద పెత్తనం నాకొద్దు. అది ఒక్కడు మోసే బరువు కాదు. పాత వంతులే మంచివి. ముందొచ్చినవాళ్ళు ముందు తాగండి."

"నేను పిలిచిన పందుల్ని రేపే కొండ అవతలికి పంపించేస్తాను, నువ్వూ నీ చుట్టాల్ని పంపించెయ్ పెద్దాయనా," అన్నాడు కోరయ్య. "తాగడానికే గానీ కాపు కాయడానికి పనికిరారు."

"నాదొక్క మాట," అంది చుక్కమ్మ. "ఎవరికైనా అనుమానం వస్తే మెడ తిప్పకూడదు. నోరు విప్పి అడగాలి. అదే రోజు అడగాలి."

ముగ్గురూ సరేనన్నారు. ఆ ఒక్కటీ పాత పద్ధతికి కొత్తగా చేర్చారు. తర్వాత కొన్నాళ్ళకి వాన కురిసింది, వాగులు పారాయి, అందరూ తలో దిక్కుకీ వెళ్ళిపోయారు.

మళ్ళీ వేసవి వచ్చింది. వాగులు ఎండాయి. మూడు మందలూ గండిమడుగుకి చేరాయి. చినచుక్క పెరిగి పెద్దదై మొదటిసారి తల్లితో కలిసి నీళ్ళకి వచ్చింది. జింకల వంతు. ఎదురుగా గుట్టయ్య కొండలా నిలబడి ఉన్నాడు, అడవి వైపు చూస్తూ. ముళ్ళపొదల దగ్గర కోరయ్య, కర్ కర్ అని నూరుకుంటూ.

చినచుక్క కాసేపు తేరిపార చూసింది. తల్లి చెవిలో అడిగింది.

"అమ్మా, వాళ్ళిద్దరూ మనకి మొహం చూపించరేం? ఎప్పుడు చూసినా తోకలే కనబడతాయి."

చుక్కమ్మ నవ్వింది.

"ఆ తోకలు కనబడుతున్నంత సేపూ మనకేం భయం లేదమ్మా. తల వంచి తాగు."

చినచుక్క తల వంచి కడుపు నిండా తాగింది.

నీతి: ఒకరికొకరు భయపడి ఎదురెదురుగా కాపలా కాసేవాళ్ళు అసలు శత్రువుకి వీపు అప్పగిస్తారు, అనుమానం ఉన్నవాడు అడగాలి, బలం ఉన్నవాడు ముందుగా నమ్మాలి, అప్పుడే అందరికీ రక్షణ.